జెన్: నల్ల సీసాలో పూల పరిమళం

జపాన్ సౌందర్య సాధనాల సంస్థ షిసేడో 1964లో తెచ్చిన పూల సెంటు ‘జెన్’. ఆ సంస్థ 1872లో టోక్యోలోని గింజాలో పాశ్చాత్య పద్ధతి మందుల దుకాణంగా మొదలైంది. జపాన్, పాశ్చాత్య సంప్రదాయాలను కలపడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

జపాన్‌లో సువాసన అంటే తరతరాలుగా నిప్పు సెగకు వేడెక్కే అగరు చెక్కే. జెన్ మాత్రం ఆల్కహాల్‌లో కలిపిన పాశ్చాత్య తరహా సెంటు. ముందు పూల గుబాళింపు, తర్వాత నిదానంగా గంధపు చెక్క వాసన. అసలు అందం సీసాలోనే ఉంది: నిగనిగలాడే నలుపు మీద బంగారు రంగు పూలు, ఆకులు, సన్నని కాడలు. తడి లక్క మీద బంగారు పొడి చల్లి బొమ్మలు తీర్చే ‘మాకియె’ కళ దానికి ఆధారం.

2007లో అదే పేరుతో, బంగారు రంగు ఘనాకారపు సీసాలో వచ్చింది వేరే సెంటు. పాతది కావాలనుకునేవారు నల్ల సీసానే వెతకాలి.