పష్తూ పలుకుబడి
(న్యాల్‌కల్ సభయందు చదివిన ఉపన్యాసము)



పొరుగు భాష నేర్వుడని న్యాల్‌కల్ వారికి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటయే. 1956 వఱకు ఈ సర్కిలు బీదరు తాలూకాలోనిది. ఆ యేట సరిహద్దు గీత గీచి దీనిని ఆంధ్రప్రదేశమున జేర్చిరి. గీత వచ్చినను ఇచ్చటి వారి నోట తెలుగు, కన్నడము, మరాఠి, ఉరుదు విడిపోలేదు.

పష్తూ మాటలాడు జాతిని 1893 నాటి డ్యూరాండు గీత యిట్లే రెండుగా చీల్చినది. ఆ జాతిని మనవారెట్లెఱుగుదురు? నిజాము రాజ్యమున వడ్డీకి అప్పిచ్చిన రోహిలాగానే గదా! అప్పులవాని కేకను వింటిమి గాని వాని కుశలప్రశ్నను వినమైతిమి.

పష్తూను బాటలో నెదురైనవానిని "స్తడై మ షే" యని పలుకరించును. నీవు అలయకుందువు గాక యని దాని యర్థము. "ఖ్వార్ మ షే", అనగా నీకు దైన్యము రాకుండుగాక, అని ప్రత్యుత్తరము. "ౘంగ యే?" అనగా ఎట్లున్నావు? "మననా" యనునది కృతజ్ఞతను దెలుపు మాట.

ఈ 'ౘ' మనకు క్రొత్త కాదు. చాప, చల్ల యను మాటలలోని దంత్యమే. ట, డ, ణలును ఆ భాషయందు గలవు. "స్తా నూమ్ ౘ దై?" యనగా నీ పేరేమి? మనవలెనే వారును క్రియను వాక్యాంతమున నిలుపుదురు.

పష్తూ ఇరానీ శాఖలోనిది, సంస్కృతమునకు దాయాది. ద్వి, త్రి, చతుర్, పంచ యనువానికి ద్వ, ద్రే, ౘలోర్, పింజ యందురు. అశ్వము ఆస్, గోవు ఘ్వా. ఉరుదు నెఱిగినవారికి కితాబ్, దోస్త్ అచ్చటను చుట్టములే. బలూచిస్థానమున పష్తూకు పొరుగైన బ్రాహుయీ మన ద్రావిడ కుటుంబములోనిది. అందు కన్ను 'ఖన్', పాలు 'పాల్హ్'.

ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1928లో 'పష్తూన్' పత్రికను స్థాపించి తన జనులను మాతృభాషలోనే మేల్కొలిపెను. మఱుసటి యేట ఖుదాయీ ఖిద్మత్గారు దళమును నిర్మించెను. తుపాకి విడువని వారని లోకము తలచిన జనులు అహింసావ్రతమును ఆ నుడిలోనే గైకొనిరి. ఒక జాతిని అప్పుపత్రమునుబట్టి తూచుట ఎంత యన్యాయమో యిందువలన తెలియగలదు.

హైదరాబాదు విద్యాలయములకు ఆఫ్గను విద్యార్థులు వచ్చి చదువుకొనిరి. అట్టివాడు మీకెదురైనచో పాత భయమును దలపకుడు. "స్తడై మ షే" యని పలుకరింపుడు. నాలుగు భాషల నడుమ పెరిగిన మీకు అయిదవదానిలో నాలుగు మాటలు భారము కావని మా విశ్వాసము.