డ్రైవరు నిలిచిననే లారీ కదలును



కృష్ణా డెల్టా ధాన్యము మిల్లు చేరవలెనన్నను, కైకలూరు చేప మంచుతో బెంగాలు చేరవలెనన్నను లారీయే ఆధారము. విజయవాడ ఆటోనగరులో లారీని బాగుచేయు చేతులకు కొదువ లేదు. నడపు చేతులే తగ్గుచున్నవి.

పూర్వము యువకుడు క్లీనరుగా చేరి, కొన్నేండ్లకు స్టీరింగు పట్టెడివాడు. నేడు ఖర్చు తగ్గించుటకై పెక్కు లారీలు క్లీనరు లేకయే సాగుచున్నవి. ఆ బడి మూతపడుచున్నది. 2019లో కేంద్రప్రభుత్వము డ్రైవరుకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నియమమును తొలగించినది. ద్వారము వెడల్పైనది, కాని వచ్చినవారు నిలువవలెను గదా!

మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లోనే దినమునకు 8 గంటల పని, వారమునకొక దినము విశ్రాంతి నిర్ణయించినది. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు పెద్ద లారీల కేబినులకు ఏ.సి. తప్పనిసరి యైనది.

చట్టముతో పాటు మనమును చేయవలసినది కలదు. కళ్లమునొద్ద, మిల్లునొద్ద లారీని గంటల కొలది నిలిపినచో డ్రైవరుకు విశ్రాంతియు, తరువాతి ట్రిప్పు బత్తాయు దక్కవు. వచ్చిన బండికి వెంటనే ఎగుమతి, దిగుమతి జరిపింతము. మంచినీరు, స్నానమునకు చోటు చూపుదము. "ఏరా డ్రైవరూ" అను పిలుపు మానుదము. మర్యాద గల పనికే మన బిడ్డలు ముందుకు వత్తురు.