ఇంట సంగీతమునకు కంప్యూటరు

నూజివీడు పేరు విన్నంతనే చాలమందికి చిన్న రసాలు జ్ఞప్తికి వచ్చును. సంగీతము తెలిసినవారికి వాటితోపాటు వీణ కూడ గుర్తుకు వచ్చును. ఆ సీమనుండియే, ఆగిరిపల్లి దాపున మామిడి తోట గల శ్రోత యొకరు మాకు లేఖ వ్రాసిరి. ఇంట మంచి యాంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు ఉన్నవట. పాటలన్నిటిని కంప్యూటరులో చేర్చి వినదలచినారు. ఎట్టి కంప్యూటరు కొనవలెనని వారి ప్రశ్న. కీర్తిశేషులైన తమ తల్లిగారు వాయించిన వీణ రెండు క్యాసెట్లలో మాత్రమే మిగిలియున్నదని లేఖ చివర నొక వాక్యము చేర్చిరి. అసలు ప్రశ్న ఆ వాక్యములోనే యున్నదని మాకు తోచినది.

కంప్యూటరు అనగానే దుకాణములో వేగమును గూర్చి చెప్పుదురు. పాట వినిపించుటకు వేగముతో పనిలేదు, కావలసినది నిశ్శబ్దము. మీటిన తంతి నాదము క్రమముగా సన్నగిల్లి మౌనములో లీనమగును. వీణలోని గమకపు సొగసులో చాలభాగము ఆ సన్నగిల్లుటలోనే కలదు. గదిలో కంప్యూటరు ఫ్యాను రొదచేయుచుండిన ఆ భాగము చెవికి చేరదు. బాజా భజంత్రీలు వినువారికి ఈ లోపము తెలియకనే పోవచ్చును గాని వీణకు తప్పక తెలియును. కనుక ఫ్యాను లేని చిన్న యంత్రము మేలు. 2012లో బ్రిటనునుండి వెలువడిన రాస్ప్‌బెర్రీ పై యనునది అరచేతిలో ఇమిడిపోవును. వోల్యుమియో, మూడ్ ఆడియో వంటి ప్రోగ్రాములను ఉచితముగా దానిలో వేసికొని, చేతిలోని ఫోనుతో పాటలను ఎంచుకొనవచ్చును. ఇంట పాత ల్యాప్‌టాపు ఉన్నచో అదియు చాలును. ఫ్యాను మ్రోగకున్న చాలు.

కంప్యూటరు దాచునది అంకెలను. స్పీకరు కోరునది విద్యుత్తరంగమును. ఒకదానిని మరియొకదానిగా మార్చు పరికరమును డాక్ అందురు. కంప్యూటరులోనే యది యొకటి యుండును గాని, లోపలి విద్యుత్తు కలకలము దానిలోనికి ప్రవేశించుట కద్దు. అందువలన యు.ఎస్.బి. తీగతో కలుపు విడి డాక్ కొనుట మంచిది. సీడీలో సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 16 బిట్లు ఉండును. దానివలన సెకనుకు సుమారు 22,000 కంపనముల వరకు నమోదగును. పడుచుచెవి కూడ 20,000 దాటి వినజాలదు. అట్లుండగా 1,92,000 కొలతల ముద్రగల యంత్రమునకు అధికధర పోయుట ఇంట వినుటకు అనవసరమని మా అభిప్రాయము. దుకాణదారులు దీనికి సమ్మతింపకపోవచ్చును.

ఇక కరెంటు సంగతి. కంప్యూటరును యాంప్లిఫయరుతో కలుపగనే గుయ్యిమను మ్రోత వినవచ్చినచో, ల్యాప్‌టాపు ఛార్జరును తీసి బ్యాటరీపై నడిపి చూడవలెను. మ్రోత ఆగినచో దోషము చాలవరకు ఎర్తింగులో నున్నదని గ్రహింపవచ్చును. రెండింటిని ఒకే ప్లగ్గుబోర్డునుండి నడుపవలెను. అప్పటికిని పోనిచో, డాక్‌కు ఆ సౌకర్యమున్న యెడల, కాంతితో సంకేతమును పంపు ఆప్టికల్ తీగను వాడవలెను. అందులో విద్యుత్తు ప్రవహింపదు. కొందరు మూడవ పిన్నును విరిచివేయుదురు, అది ప్రాణాపాయకరము. మామిడికాయ దిగు వేసవిలో గాలివానకు కరెంటు హఠాత్తుగా పోవుట తోటలవారికి చెప్పనక్కరలేదు. చిన్న యంత్రములోని మెమరీ కార్డు అట్టివేళ చెడిపోవచ్చును. పాటలను ఆ కార్డుపై గాక వేరు డిస్కుపై నుంచి, ఒక యు.పి.ఎస్. కూడ పెట్టుకొనవలెను.

క్యాసెట్ల మాటకు వచ్చెదము. పాడుటకు ముందు డెక్కు హెడ్డును శుభ్రపరచి, టేపునకు సరిపోవునట్లు దాని వాలును సరిచేయవలెను. వాలు తప్పినచో మీటుల పదును పోవును. ఇచ్చట మాత్రము 24 బిట్లు ఉపయోగకరము. ధ్వనిమట్టమును కొంచెము తగ్గించి నమోదు చేసికొన్నను నష్టముండదు గనుక, బలమైన మీటుకు నాదము పగిలిపోదు. నమోదైనదానిని 2001లో వచ్చిన ఫ్లాక్ అను పద్ధతిలో దాచవలెను. ఒక గంట సీడీ సంగీతము సుమారు 635 మెగాబైట్లు. ఫ్లాక్ దానిని ఒక్క అంకెయు పోకుండ దాదాపు సగమునకు కుదించును. ఎంపీ3 యైనచో కొంత పారవేయును. పారవేసినది తరువాత ఏ మార్పిడితోను తిరిగి రాదు. టేపు బుసను ప్రోగ్రాములతో తుడువవలెనను ఉత్సాహము అందరికిని కలుగును. బుసతోపాటు తంతి చివరినాదము కూడ తుడిచిపెట్టుకొని పోవచ్చును. తుడువదలచినచో నకలుపై తుడువుడు. తొలి ప్రతిని ముట్టరాదు. ఆ ప్రతిని రెండు డిస్కులపై ఇంటనుంచి, మూడవదానిని వేరు ఊరి బంధువుల యింట నుంచవలెను. డిస్కు ముందుగా చెప్పి చెడిపోదు.

వీణపై కోయిలను పలికించిన చిట్టిబాబు (1936–1996) రికార్డులు ఎన్నో ఇండ్లలో నున్నవి. ఒకచోట పోయినను మరియొకచోట వెదకవచ్చును. ఆ తల్లిగారి వీణ ఏ దుకాణమునను, ఏ ఇంటర్నెట్ సేవలోను దొరకదు. కనుక చేతనున్న ధనమును మొదట డెక్కు మరమ్మతునకు, మూడు డిస్కులకు వెచ్చింపవలెను, పిమ్మట డాక్‌కు, మిగిలినదానితో కంప్యూటరు. క్యాసెట్లను ఎండ తగులు కిటికీకిని, స్పీకర్ల అయస్కాంతములకును దూరముగా, చల్లని పొడిచోట ఈనాడే భద్రపరచవలసినదిగా ఆ శ్రోతకు ఇదివరకే ఉత్తరము వ్రాసితిమి.