కొత్త నర్సుకు బెదురు తీరేదెలా?



ఉత్సవ సభల్లో డిగ్రీలు, ఉద్యోగాలు, పదవులు లెక్కించి సంతోషించడం ఆనవాయితీ. పట్టా చేతికి వచ్చిన మరునాటినుండి మొదలయ్యే బెదురును గురించి మాత్రం ఏ వేదిక మీదా ఎవరూ మాట్లాడరు. నేటి ప్రసంగ విషయం ఆ బెదురే. అందునా కొత్తగా నర్సు అయిన ఆడపిల్ల బెదురు. మగపిల్లలు కూడా ఈ వృత్తిలోకి వస్తున్నారు. వారికీ ఈ మాటలు వర్తిస్తాయి.

కామాఠీపురా పేరులోనే తెలుగువాడి కష్టం దాగి ఉంది. కామాటి అంటే కూలిపని చేసేవాడు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి, సముద్రపు నీరు చొరబడే పల్లపు నేలలు తేరుకొన్న తరువాత, నిజాం రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చిన కూలీలు ఇక్కడ నిలువ నీడ ఏర్పరచుకొన్నారు. ఈ నగరపు రాళ్ళు మోసిన చేతులు వారివి. తరువాతి కాలంలో వర్లీ, నాయిగాం, డిలైల్ రోడ్డు ప్రాంతాలలో 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్ళలోకి మిల్లు పనివారు చేరారు. వారిలో తెలుగు పద్మశాలి కుటుంబాలు ఎన్నో. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తరువాత ఎందరి ఇళ్ళలోనో పొయ్యి రాజేయడమే గగనమైంది. బీడీలు చుట్టి సంసారాలు ఈడ్చిన తల్లులు ఉన్నారు. ఆ తల్లుల కూతుళ్ళు, మనుమరాళ్ళు నర్సులవుతున్నారంటే అది చిన్న సంగతి కాదు.

అయితే కామాఠీపురా అనగానే లోకం ఒక్క అర్థమే చెప్పుకొంటుంది. శిక్షణకు వెళ్ళిన చోట ‘ఎక్కడి పిల్లవు?’ అని అడిగితే ఈ వీధుల పిల్ల గొంతు తగ్గిపోవడానికి కారణం అదే. ఆసుపత్రి గుమ్మం తొక్కక ముందే సగం బెదురు ఆమె వెంట నడుస్తుంది.

అటువంటి పిల్లను ఒకరిని మనసులో నిలుపుకోండి. చదివింది తెలుగు మాధ్యమం. శిక్షణ పుస్తకాలు ఇంగ్లీషు. మంచం ప్రక్క భాష మరాఠీ, హిందీ. ఉద్యోగంలో మొదటిసారి రాత్రి డ్యూటీ పడింది. మంచాలు నిండి నేల మీద కూడా పరుపులు వేసి ఉన్నాయి. శిక్షణలో ఒక రోగిని ఎదుట పెట్టుకొని ఒక పని నేర్చుకొంది. ఇక్కడ ఒకే క్షణంలో ఒకరి సెలైన్ అయిపోతుంది, మరొకరికి ఆయాసం హెచ్చుతుంది, ఇంకొకరి బంధువులు డాక్టరు ఏడని కేకలు వేస్తారు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రివేళ కిక్కిరిసిన వార్డులోకి తొంగి చూసినవారికి ఆ ప్రమాణానికీ వాస్తవానికీ గల దూరం ఎవరూ చెప్పనక్కరలేదు. ‘నేను పనికిరాను’ అని ఆ పిల్ల స్నానాల గదిలో కన్నీరు తుడుచుకొంటుంది. ఆమెకు చేతకాకపోవడం అందులో కొంతే. తక్కినది మనుషులు చాలకపోవడం.

ఈ కన్నీరు ఒక్క బొంబాయి పిల్లదే కాదు. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే విదుషి కొత్త నర్సులు బడిలో నేర్చినదానికీ వార్డులో చూసినదానికీ పొంతన కుదరక తల్లడిల్లడాన్ని పరిశీలించి 1974లో ఒక పుస్తకమే వ్రాశారు. పది సంవత్సరాలకు, 1984లో, పెట్రీషియా బెన్నర్ మరొక గ్రంథంలో నర్సు నైపుణ్యం ఐదు మెట్లుగా పెరుగుతుందని చూపారు. ఒకే తరహా పనిలో రెండు మూడేళ్ళు గడిస్తే గాని మూడవ మెట్టయిన సమర్థత రాదని ఆమె తేల్చారు. రెండు మూడేళ్ళు! ఇంట్లో మాత్రం రెండు మూడు వారాలకే ‘అలవాటైందా?’ అని అడుగుతారు.

ఆ అలవాటు ఏ విధంగా అవుతుందో ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. లీటరు సెలైన్ ఎనిమిది గంటలలో ఎక్కాలి. గొట్టం మిల్లీలీటరుకు 20 చుక్కలు రాల్చేదైతే మొత్తం 20,000 చుక్కలు, 480 నిమిషాలు, నిమిషానికి సుమారు 42. ఇది బడిలో తెలుగులో నేర్చిన భాగహారమే. మొదటి వారం కాగితం మీద మూడుసార్లు వేసి సీనియర్ సిస్టర్‌కు చూపుతుంది. కొన్ని నెలలకు చుక్కలు లెక్కిస్తూనే రోగి ముఖం కూడా గమనిస్తుంది. పెదవుల రంగు మారినా, మాట తడబడినా కనిపెడుతుంది. చేతికి పని వచ్చినకొద్దీ కళ్ళకు తీరిక దొరుకుతుంది.

రెండవది అడగడం. మందు ఇచ్చే ముందు రోగి, మందు, మోతాదు, మార్గం, వేళ అనే ఐదింటిని సరిచూడాలని ప్రతి నర్సుకూ నేర్పుతారు. వ్రాత అర్థం కాకపోతే ఆగి అడగాలి. తెలుగు మాధ్యమపు పిల్ల ఇక్కడే తడబడుతుంది. తన ఇంగ్లీషు విని నవ్వుతారేమోనని నోరు మెదపదు. బడులలో జవాబు చెప్పించడమే ఎక్కువ, ప్రశ్న వేయించడం తక్కువ. రోగి ఎవరు, ఇప్పుడేమైంది, ఇంతవరకు పరిస్థితి ఏమిటి, ఏం కావాలి అన్న నాలుగు ముక్కలు పొట్టి వాక్యాలలో చెప్పగలిగితే అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేయడానికి అంతకు మించిన ఇంగ్లీషు అక్కరలేదు.

మరి ఆమె తెలుగు? బీడీలు చుట్టే ముసలమ్మ ‘కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి తల్లీ, గుండె దడదడలాడుతోంది’ అన్నప్పుడు వార్డులో ఆ మాట అందేది ఈ ఒక్క పిల్లకే. ఆమె దానిని మరాఠీలో డాక్టరుకు చెప్పిన పూట, వార్డంతా ఆమె వైపు చూసే చూపు మారుతుంది.

2020 ఏప్రిల్‌లో, కామాఠీపురాకు చేరువలో ఉన్న నాయర్ ఆసుపత్రిని కోవిడ్ రోగులకే కేటాయించారు. 2021 మేలో, రెండవ విజృంభణ నడుమ, బి.ఎస్‌సి., జి.ఎన్.ఎం. పూర్తిచేసిన నర్సులను కోవిడ్ సేవలో వినియోగించుకోవాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. సీనియర్ డాక్టర్లు, నర్సుల పర్యవేక్షణలో అన్న షరతును ఆ నిర్ణయంలోనే చేర్చింది. అంత ఆపదలో కూడా కొత్తవారిని ఒంటరిగా నిలపరాదన్న వివేకం గమనించదగినది.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. పాత బి.డి.డి. చాల్‌లో గది 160 చదరపు అడుగులు. రాత్రంతా నిలబడి పొద్దున ఇల్లు చేరిన పిల్ల ఆ గదిలోనే, వంట పొగలో, టీవీ మోతలో నిద్రపోవాలి. నిద్ర చాలనిచోట ధైర్యం ఎక్కడనుండి వస్తుంది? ఆమె డ్యూటీ వారంలో నీళ్ళ వంతు తమ్ముడికి అప్పగించండి. టీవీ కట్టివేయండి. కిటికీకి దుప్పటి కట్టండి. పెళ్ళిచూపుల వారిని ఆ వారం రమ్మనకండి.

పూర్వ విద్యార్థినులలో నర్సులైనవారు, ఉద్యోగంలో పదేళ్ళు దాటినవారు ఉన్నారు. సభ ముగిసిన తరువాత కార్యాలయంలోని రిజిస్టరులో పేరు, పనిచేసే వార్డు, ఫోను నంబరు వ్రాసి వెళ్ళండి. ఈ సంవత్సరం కొత్తగా చేరిన పిల్లలకు ఆ పుట ప్రతి అందజేస్తారు. రాత్రి డ్యూటీలో ఎవరిని అడగాలో తోచనప్పుడు వారికి ఆ నంబర్లు ఉంటాయి.