పొరపాటని తేల్చవలసిన వారెవరు?



ఏటేట ఈ మహాసభలో విద్యార్థి వసతిగృహమును గూర్చియో, పెండ్లి ఖర్చుల తగ్గింపును గూర్చియో ప్రసంగించుట మాకు వాడుక. ఈ యేడు కార్యనిర్వాహకవర్గమువారు మాకొప్పగించిన విషయము వేఱు. పోలీసువారి చేతిలో పొరపాటున సామాన్యులు మరణించినపుడు బాధ్యత యెవరిది, దానిని తేల్చువారెవరు, అట్టివేళ మనవంటి సంఘము చేయదగినదేమి యనునది. ఇది కులసభకు దగిన విషయము కాదని యొకరిద్దరు పెద్దలు కార్యవర్గ సమావేశముననే యభ్యంతరము చెప్పిరి. పోలీసువారితో మనకేల తగవు, రేపు మరల వారి గడప త్రొక్కవలెను గదా యని వారి భావము. వారి మాటలో లోకానుభవము లేకపోలేదు. అయినను ఈ విషయము మన యింటిలోనిదే యని మేము తలంచుచున్నాము.

మన కుటుంబములలో కానిస్టేబుళ్లున్నారు. సర్కిలు ఇన్‌స్పెక్టరు పదవి వఱకు ఎదిగినవారున్నారు. వారికి ప్రమోషను వచ్చినపుడు ఇట్టి వేదికలమీదనే పూలమాలలు వేసితిమి. మనవారిలోనే నల్లమల యంచున గొడ్లు మేపుకొనువారున్నారు. గిద్దలూరునుండి నంద్యాలకు కనుమదారిని రాత్రివేళ లారీలు నడుపువారున్నారు. మార్కాపురపు పలకల కార్ఖానాలలో పని ముగించుకొని చీకటిపడి యిల్లు చేరువారున్నారు. తుపాకి పట్టినవాడును మనవాడే, తుపాకి యెదుట పడువాడును మనవాడే. కావున మేము పోలీసుశాఖను దూషించుటకు గాని, దానిని వెనుకవేసికొని వచ్చుటకు గాని లేచినవారము కాము.

నల్లమలలో ఆ సంవత్సరములు ఎట్లు గడచినవో సభలోని నడివయస్కులకు మేము చెప్పనక్కఱలేదు. పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్లు. చెంచుగూడెములవారికి ఇరువురికిని సమాధానము చెప్పుకొనుటతోనే సరిపోయెడిది. 2004 అక్టోబరు 15 మొదలు 18 వఱకు హైదరాబాదులో ప్రభుత్వముతో వారికి చర్చలు జరిగినవి. మూడు నెలలు తిరుగకుండగనే, 2005 జనవరిలో, అవి చెడినవి. ఆ యేప్రిలులో ఒంగోలు పట్టణమున జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారి వాహనముపై మందుపాతర పేల్చగా ఆయన బ్రతికిరి. త్రోవన బోవు సామాన్యులు ప్రాణములు గోల్పోయిరి. ఇట్టి సందర్భములలో అడవిలోనివారును పొరపాటు జరిగినదని కరపత్రము వేయుదురు. పోలీసువారును పత్రికాప్రకటన చేయుదురు. రెండింటిలోను వ్రాసినవారు చంపినవారే యగుట మనము గమనింపవలెను. పొరపాటు జరుగదని మేమనము. మనుష్యులు పట్టిన తుపాకి మనుష్యులవలెనే తప్పును. అది పొరపాటో, అశ్రద్ధయో, కావలెనని చేసినదో తేల్చుపని మాత్రము చేసినవారిదే యగుట యెట్లు న్యాయము?

ఇందులకు ఢిల్లీలో జరిగిన యొక యుదంతము చక్కని నిదర్శనము. 1997 మార్చి 31వ తేదీన కన్నాట్ ప్లేస్ దగ్గఱ పట్టపగలు నీలిరంగు మారుతి కారునొకదానిని పోలీసులు చుట్టుముట్టి కాల్పులు జరిపిరి. వారు వెదకుచున్నది ఉత్తరప్రదేశమునకు చెందిన యొక నేరస్థుని. కారులో నున్నవారు ఆ నేరస్థునితో సంబంధమే లేని వ్యాపారులు. ఇరువురు మరణించిరి, మూడవవాడు గాయములతో బయటపడెను. మనిషిని పోల్చుకొనుటలో తప్పు జరిగిన మాట నిజమే. అంతటితో నిలిచియుండిన యెడల వాదము వేఱుగా నుండెడిది. కాని కారులోనివారే మొదట కాల్చిరని పోలీసులు కథ చెప్పిరి. పిస్తోలొకటి కారులో దొరకినదనిరి. సి.బి.ఐ. దర్యాప్తులో ఆ కథ నిలువలేదు. 2007 అక్టోబరులో సహాయ కమీషనరు మొదలు కానిస్టేబుళ్ల వఱకు పదిమందికి యావజ్జీవశిక్ష పడెను. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దానిని ఖాయపఱచెను. పదునాలుగేండ్లు పట్టినది. ఆ పదిమందిలో పై యధికారియు నుండెనను సంగతిని మన కానిస్టేబులు సోదరులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. కాల్చుమన్నవాడు తప్పించుకొని, కాల్చినవాడొక్కడే చిక్కుకొనుట దర్యాప్తు సరిగా జరుగని చోటనే సంభవించును.

ఇక్కడ ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నదో కొంచెము చూడవలెను. పాత శిక్షాస్మృతిలో 79వ సెక్షను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 17వ సెక్షను. విషయమును పొరపాటుగా గ్రహించి, సద్భావముతో, చట్టము తనకధికారమిచ్చుచున్నదని నమ్మి చేసిన పని నేరము కాదని దాని సారము. పోలీసువారికి ఇది గొప్ప రక్షణమే. అయితే సద్భావమనగానేమో ఆ చట్టమే చెప్పినది: తగిన జాగ్రత్తయు శ్రద్ధయు లేక చేసినది సద్భావముతో చేసినది కాదు. మఱియు, ఇట్టి మినహాయింపును కోరువాడు దానిని తానే రుజువు చేసికొనవలెనని సాక్ష్యచట్టము. కాబట్టి పొరపాటనునది నిందితుడు న్యాయస్థానమున చెప్పుకొనదగిన సమాధానము. కేసు పెట్టకుండుటకు అది కారణము కానేరదు. మనము సాధారణముగా దీనిని తలక్రిందులుగా అర్థము చేసికొనుచున్నాము. పొరపాటు గదా, ఇంక కేసేమిటి యందుము.

లండను మహానగరమున 2005 జూలై 22వ తేదీన భూగర్భ రైలులో ఒక బ్రెజిలు దేశపు విద్యుత్పనివానిని ఆత్మాహుతి దళములోనివాడని భ్రమించి పోలీసులు కాల్చి చంపిరి. అంతకు రెండువారముల క్రిందటనే అక్కడ బాంబులు ప్రేలి 52 మంది మరణించియుండిరి. మరల పేల్చుటకు ముందటి దినముననే ప్రయత్నము జరిగెను. భయమునకు కారణము లేదనరాదు. ఆ దేశమున ఏ పోలీసు ఉద్యోగిమీదను విడిగా నేరారోపణ జరుగలేదు. ఇది న్యాయము కాదని మృతుని బంధువులు కడవఱకు పోరాడిరి. అయినను 2007 నవంబరులో పోలీసుశాఖనే ముద్దాయిగా నిలిపి, ప్రజల భద్రతను కాపాడుటలో విఫలమైనదని జూరీ తీర్పుచెప్పగా లక్షా డెబ్బదియైదువేల పౌన్ల జరిమానా పడెను. మఱుసటి యేడు మరణవిచారణ జరిపిన జూరీవారు, కాల్చుటకు ముందు మేము పోలీసులమని కేకవేసితిమన్న మాటను నమ్మలేదు. ఆ విచారణ బహిరంగముగా జరిగినందుననే ఈ సంగతి లోకమునకు తెలిసెను.

మన యడవికి తిరిగి వత్తము. ఈ ప్రశ్నపై తెలుగుదేశమున వెలువడిన గొప్ప తీర్పునకు నల్లమలయే జన్మస్థానమను సంగతి మన యువకులలో ననేకులకు తెలియదు. 2006 జూలై 23వ తేదీన ప్రకాశం జిల్లా నల్లమలలో మావోయిస్టు రాష్ట్రకార్యదర్శియు, మఱి యేడుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. వారు పొరపాటున చంపబడిన సామాన్యులు కారు. కాని పౌరహక్కుల సంఘమువారు హైకోర్టునకు పోగా తేలవలసివచ్చిన ప్రశ్న మనదే: పోలీసుల చేతిలో మనిషి చనిపోయినపుడు, ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులు చెప్పినంతమాత్రమున చాలునా? 2009 ఫిబ్రవరి 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చాలదని చెప్పెను. అట్టి ప్రతి మరణమునకును కేసు నమోదు కావలెను, దర్యాప్తు జరుగవలెను, ఆత్మరక్షణము విచారణలో రుజువు కావలెను, మేజిస్ట్రేటు విచారణ దీనికి బదులు కాదు అని దాని సారాంశము. పోలీసు అధికారుల సంఘమువారు సుప్రీంకోర్టున కేగగా ఆ యేడే దాని యమలు నిలిచిపోయెను.

తరువాత 2014 సెప్టెంబరు 23వ తేదీన సుప్రీంకోర్టు వేఱొక కేసులో పదునాఱు నిబంధనలు విధించెను. కాల్పులలో మరణము సంభవించినచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలెను. దర్యాప్తు సి.ఐ.డి.వారు గాని, వేఱొక స్టేషనువారు గాని పై యధికారి పర్యవేక్షణలో చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. వాడిన తుపాకులను పరీక్షకు అప్పగింపవలెను. సంఘటన జరిగిన వెంటనే పతకములు, ప్రమోషనులు ఇయ్యరాదు. ఇవి సరిగా జరుగలేదని తోచినచో మృతుని కుటుంబమువారు సెషన్సు జడ్జిగారికి ఫిర్యాదు చేసికొనవచ్చును. ఈ కడపటి నిబంధన మన జనములో నూటికొకరికైన తెలియునో లేదో! ఇంకొకటి: ప్రభుత్వోద్యోగిని విచారించుటకు ప్రభుత్వపు అనుమతి యవసరమైన చోట, అర్జీ చేరిన 120 దినములలో నిర్ణయము రాకున్న అనుమతి యిచ్చినట్లే భావింపవలెనని 2024 నాటి క్రొత్త స్మృతి చెప్పుచున్నది. ఏండ్లతరబడి కాగితము బల్లమీద నిలిచిపోవు బాధ దీనిచే కొంత తీరవలెను.

నష్టపరిహారపు మాటకు వత్తము. అది ప్రభుత్వము దయతో నిచ్చునదని మనవారి తలంపు. పూర్వము చట్టమును ఇంచుమించు అట్లే యుండెను. 1947లో మీరటు పోలీసులు ఒక వర్తకుని బంగారమును పట్టుకొని ఠాణాలో పెట్టగా, హెడ్ కానిస్టేబులొకడు దానిని తీసికొని పాకిస్తానుకు పాఱిపోయెను. బంగారము ఖరీదు ప్రభుత్వమియ్యనక్కఱలేదని, అది సార్వభౌమాధికారమున జరిగిన పని యని 1964లో సుప్రీంకోర్టే చెప్పెను. ఈ వాదమునకు గట్టిదెబ్బ తగిలినది మన కొండకు ఆవలి ప్రక్కనున్న కోయిలకుంట్లలో. 1970 వఱకు మనమును కర్నూలు జిల్లావారమే గదా. ఆ యూరు మనకు పరాయిది కాదు. అక్కడి సబ్‌జైలులో రిమాండులో నున్న తండ్రీకొడుకులపై 1977 మే 5వ తేదీ రాత్రి తెల్లవాఱుజామున శత్రువులు లోపలికి చొఱబడి బాంబులు వేసిరి. తండ్రి మరణించెను, కొడుకు గాయములతో బ్రతికెను. బాంబు వేసినవారు పోలీసులు కారు. కాపలా లోపమే పోలీసువారిది. క్రింది కోర్టులో దావా పోయినది. హైకోర్టు లక్షా నలుబదినాలుగువేల రూపాయలును వడ్డీయు ఇప్పించెను. మాకు సార్వభౌమాధికార రక్షణ కలదని ప్రభుత్వము సుప్రీంకోర్టు వఱకు పోయి 2000 ఏప్రిలులో ఓడిపోయెను. ప్రాణమును కాపాడు విధికి ఆ రక్షణ అడ్డురాదని తేలెను. కాపలాలోని అశ్రద్ధకే ప్రభుత్వము ఋణపడునపుడు, తన భటుని గుండుకు ఋణపడదా? దానిని దానమువలె చేయిచాచి తీసికొని, బదులుగా నోరు మూసికొనుట మన యజ్ఞానము.

ఈ మాట చెప్పుటకు మాకు అర్హత తక్కువయే. కొన్నేండ్ల క్రిందట, ఊరు పేరు చెప్పము, రాత్రి తనిఖీవేళ ఆపుమన్నను ఆగలేదని లాఠీ విసరగా మోటారు సైకిలు మీదనుండి పడి మనవాడొక యువకుడు మరణించెను. విసిరినవాడును మన కులమువాడే. పెద్దలము నలుగురము పోయి ఉభయపక్షములను కూర్చుండబెట్టి, పొరపాటయ్యెనని చెప్పించి, కొంత ధనమిప్పించి, సాయంకాలములోపల దహనము చేయించితిమి. రోడ్డు ప్రమాదమని వ్రాసిరి. శవపరీక్ష నకలు కూడ మేమడుగలేదు. అది నిజముగా పొరపాటే యేమో. ఇక నెవరికిని తెలియదు. తెలిసికొను త్రోవను మూసినవారము మేమే. ఆ పిల్లవాని తల్లి నేటికిని మమ్ము చూచి తల త్రిప్పుకొనును. ఆ కానిస్టేబులు మాత్రము సుఖముగా నున్నాడా? తాను హంతకుడు కానని చెప్పుకొనుటకు వానికొక తీర్పు లేకపోయెను. ఊరిలో గుసగుసలు మాత్రము మిగిలినవి. వాడు ముందుగానే పదవీవిరమణ చేసి వేఱు చోటికి పోయెను.

అందుచే మేము సభవారి ముందుంచు తీర్మానమిది. పోలీసు చర్యలో మరణము సంభవించినచో కేసు నమోదై శవపరీక్ష ముగియువఱకు ఈ సంఘము తరపున నెవ్వరును ధనరాజీకి పూనుకొనరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు తెచ్చుట, మేజిస్ట్రేటు ముందు సాక్ష్యమిప్పించుట, అవసరమైన సెషన్సు జడ్జిగారికి ఫిర్యాదు వ్రాయించుట సంఘపు న్యాయవాదుల పని కావలెను. ముద్దాయి మన ఉద్యోగియైన యెడల వానికిని మంచి వకీలును పెట్టుదము. కాని కేసు తీసివేయుమని మంత్రుల యొద్దకు రాయబారములు పోరాదు, ఊరేగింపులు చేయరాదు.

ఇంతవఱకు కార్యవర్గమున ఏకాభిప్రాయమే. చివరి వాక్యముమీదనే వివాదము వచ్చినది. మృతుడే కులమువాడైనను ఈ సహాయము చేయవలెనని మేము వ్రాసితిమి. సంఘనిధి కులస్థుల చందాలతో నేర్పడినది గనుక కులస్థులకే ఖర్చు కావలెనని కోశాధికారిగారు సవరణ ప్రతిపాదించిరి. వారి లెక్క తప్పని మేమనలేము. నిధిలో నున్నదెంతయో మాకును తెలియును. కాని నల్లమలలో తుపాకుల నడుమ ఎక్కువగా నలిగినది చెంచులు. వారికి ఇట్టి మహాసభ లేదు, సంచిక లేదు, వకీలు లేడు. వారి గూడెములనుండి ఎఫ్.ఐ.ఆర్. నకలుకై మార్కాపురము రావలెనన్న ఒక దినపు కూలి పోవును.

మొదట కోశాధికారిగారి సవరణనే వోటునకు పెట్టవలసినదిగా అగ్రాసనాధిపతులవారిని కోరుచున్నాము. దానికి వ్యతిరేకముగా మేము చేయి యెత్తుదుము.