అతిధ్వని: లోగుట్టు చెప్పు ప్రతిధ్వని



కుండ కొనువారు దానిని చేత బట్టుకొని వ్రేలి కణుపుతో తట్టి చూతురు. ఖంగుమన్నచో కొందురు, మొద్దుగా పలికినచో మరల క్రింద బెట్టుదురు. కంటికి కానరాని బీటను చెవి పట్టుకొన్నదన్నమాట. బండి స్టేషనులో ఆగినప్పుడు సుత్తితో చక్రములను తట్టుచు పోయెడి రైలు ఉద్యోగి చేసిన పనియు నిదియే. నేటి ప్రసంగమునకు విషయమైన అతిధ్వని పరీక్ష ఈ పాత విద్యకు క్రొత్త రూపము.

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను మాత్రమే వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. గబ్బిలము అట్టి కూత వేసి, దాని ప్రతిధ్వనిని బట్టి చీకటిలో దారి తెలిసికొనును. 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టుచున్నదని కనిపెట్టిరి. విద్యుత్తు నిచ్చినచో అదే స్ఫటికము కంపించును. కనుక ఒకే స్ఫటికము నోరుగాను, చెవిగాను పనిచేయును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజవిన్ దీనితో నీటిలోని జలాంతర్గాములను వెదకెను. 1928లో రష్యా శాస్త్రజ్ఞుడు సొకొలొవ్ లోహములలోని లోపములను గూడ ఇట్లే పట్టవచ్చునని సూచించెను.

ఈ శాస్త్రమున తెలుగువారి కృషియు గలదు. కృష్ణాజిల్లాలో జన్మించిన సూరి భగవంతముగారును, బి. రామచంద్రరావుగారును వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అతిధ్వనులపై పరిశోధనలు జరిపి, 1940 దశకమున ఫలితములను ప్రకటించిరి.

బాపట్ల, చీరాలల నడుమ ఈ స్టూవర్టుపురము మీదుగా పోవు రైలుదారినే తీసికొందము. పైకి నునుపుగా మెరయు పట్టా లోపల సన్నని బీట యుండవచ్చును. బండ్ల బరువునకు అది నానాటికి పెరుగును. శీతకాలపు తెల్లవారుజామున ఇనుము ముడుచుకొనగా, పట్టా ఫెళ్లున విరుగును. అందుచేత సిబ్బంది అతిధ్వని యంత్రమును పట్టాపై త్రోసికొనుచు నడతురు. యంత్రమునుండి పట్టాపైకి నీరు జారుచుండును. నీరెందుకు? గాలిపొర అడ్డమున్నచో ధ్వని దాదాపు పూర్తిగా వెనుకకే మరలును గాని ఇనుములోనికి చొరదు. బీట పట్టువడుటకును ఇదే కారణము; బీటలో నున్నది గాలియే గదా!

ఇనుములో అతిధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోవును. మీటరుకు 60 కిలోలు తూగు పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. తలనుండి అడుగునకు పోయి మరలివచ్చుటకు సెకనులో పదిలక్షవ వంతులు 58 పట్టును. పదవ వంతుననే ప్రతిధ్వని వినవచ్చినచో, పైనుండి 30 మిల్లీమీటర్ల లోతున బీట యున్నదని అర్థము. నిటారుగా పంపిన ధ్వనికి అడ్డుబీటలు తగులును; నిలువుబీటల కొరకు 70 డిగ్రీల వాలున ముందునకు, వెనుకకు పంపుదురు. లోపము తెలిసిన చోట రంగుతో గుర్తు పెట్టి, బిగింపులు వేసి, బండ్ల వేగము తగ్గించి, పట్టాను మార్తురు. ఆ బండిలో నిదురించు ప్రయాణికునకు ఇవేవియు తెలియవు. తెల్లవారునప్పటికి క్షేమముగా ఇల్లు చేరును.

ఇట్టిదే నిజాంపట్నపు మరపడవలకు చేపల గుంపును చూపు యంత్రము. నీటిలో ధ్వనివేగము సెకనుకు 1,500 మీటర్లు. 30 మీటర్ల లోతునుండి ప్రతిధ్వని సెకనులో 25వ వంతున తిరిగివచ్చును. చమురు శుద్ధి కర్మాగారములలో గొట్టము కోయకయే, తుప్పు తినగా మిగిలిన మందమెంతో కొలుతురు. హైదరాబాదు అణుఇంధన సముదాయమున ఇంధన గొట్టములను, ఇతర చోట్ల వంతెనల కాంక్రీటును ఇట్లే పరీక్షింతురు. కొన్ని పాలకేంద్రములలో వెన్న శాతమును గూడ అతిధ్వనియే చెప్పును. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అను వైద్యుడు 1955లో లోహపరీక్షా యంత్రముతోనే రోగుల కంతులను శోధించి, 1958లో ఫలితములను ప్రకటించెను. నేటి గర్భిణీ పరీక్షకు అది నాంది. ఆ సాధనమును ఆడుశిశువులను తొలగించుటకు వాడుకొన్నవారును గలరు. అందుచేతనే 1994లో లింగనిర్ధారణను నిషేధించు చట్టము రావలసివచ్చినది. యంత్రము లోపల నున్నది చూపునే గాని, ధర్మము నేర్పదు.

యంత్రమునకును పరిమితి గలదు. పట్టా పైభాగము చిట్లియున్నచో ధ్వని సరిగా లోనికి పోదు. ప్రతిధ్వని లేనంత మాత్రమున లోపము లేదనుకొనరాదు. చూచువాని నేర్పు, ఓపిక, నిజాయితీలే పరీక్షకు ప్రాణము.

ఈ శాస్త్రపు నీతి యొక్కటే: పైచూపుతో తీర్పు చెప్పరాదు. ఆ మాట ఈ గ్రామస్థులకంటె ఎవరికి బాగుగా తెలియును? పుట్టుకను బట్టియే ప్రజలపై నేరముద్ర వేసిన చట్టము 1871లో పుట్టి 1952లో రద్దయినది. స్టూవర్టుపురము దాని నీడలోనే వెలసినది. మనిషిని విచారింపకయే వేసిన ముద్ర యది. ఇనుప పట్టాను సైతము ఏ ముక్కకు ఆ ముక్కగా, దాని పలుకు విన్న పిదపనే మంచిచెడ్డలు నిర్ణయింతురు గదా! మనిషికి ఆ పాటి న్యాయము జరుగవలదా?

గ్రంథాలయము చేయునదియు ఇట్టి పనియే. బాలుని లోపల దాగిన తెలివి పైకి కనబడదు. పుస్తకము తట్టినప్పుడు అది పలుకును. ఇరువదియైదేండ్లుగా ఈ తలుపులు తెరచియుంచినవారికి జోహారులు. ఇకముందును ఇవి తెరచియే యుండుగాక.