ఇంటిలోని ఏకాకి

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అల్పసంఖ్యాకులమై బ్రదుకుట యెట్టిదో మనకు తెలియును. బడిలో నెవరైన మన మాటను ఎగతాళి చేసినను, సాయంకాలము ఇల్లు చేరి అమ్మతో ఆ మాటయే పలికి ఊరట చెందుచుంటిమి. ఆ ఊరటయు లేని బిడ్డలు కొందరు కలరు. నేడు వారిని గూర్చియే చెప్పదలచితిని.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున మిడిల్‌టన్ అను చిన్న ఊరు కలదు. ఆ ఊరి బాలుడు కోరీ జాన్సన్ మాస్కొనొమెట్ ఉన్నత పాఠశాల ఫుట్‌బాలు జట్టు నాయకులలో నొకడు. తన మనసు స్త్రీలపై గాక పురుషులపై మొగ్గునని యెరిగియు, ఇంటిలోనైన చెప్పుకొనలేక దాచుకొనెను. తుదకు పాఠశాలలోని పెద్దలకును, పిమ్మట తలిదండ్రులకును చెప్పెను. 1999లో జట్టువారికి తానే తెలిపెను. వారతనిని వెలివేయలేదు, నాయకత్వమును తొలగింపలేదు. ఆ బాలుడే 2018లో న్యూయార్కు నగర కౌన్సిలునకు స్పీకరయ్యెను.

ధైర్యము బాలునిదే. కాని పెద్దలు చెవి యొగ్గకున్నచో ఆ ధైర్యమేమగును?

యుక్తవయస్కులు పరస్పర సమ్మతితో నెరపు స్వలింగ సంబంధము నేరము కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. అయినను బిడ్డ మొదట భయపడునది కోర్టునకు గాదు, ఇంటివారికి.

కావున మీ బిడ్డ యొకనాడు తడబడుచు అట్టి మాట చెప్పినచో, “నలుగురేమందురు?” అనకుడు. “కూర్చుండుము నాయనా, అన్నము తిని నిదానముగ చెప్పుము” అనుడు. మన ఇంటిలో మన బిడ్డ ఏకాకి కారాదు.